అప్‌డేట్: వైజాగ్, అరకు వెళ్ళొచ్చాం

హనీమూన్‌కి ఐదు రోజులే ఉన్నాయి, వైజాగ్ ఒక్కటే చూడాలా, అరకు కూడా కలుపుకోవాలా అని పోయిన నెల అడిగాను కదా. రెండూ చూడమన్నారు, కొండెక్కడానికి కారు వద్దు, వైజాగ్ నుంచి అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ రైలే ఎక్కమన్నారు. మీ మాట విని మంచి పని చేశాం!

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం కోసం 1960ల్లో వేసిన లైను అది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టె నిండా పిల్లల కేకలు, బయటపడగానే కిటికీ నిండా లోయ. మా ఆవిడ కిటికీ ఊచ వదిలితే ఒట్టు. బొర్రా గుహలు చూసుకుని అరకు చేరేసరికి చేలన్నీ వలిసె పూలతో పసుపు ఆరబోసినట్టున్నాయి. నవంబరు చివర్లో వెళ్ళమన్నవాళ్ళకి దండం. బొంగులో చికెన్ అమ్మే అక్క నిప్పుల్లోంచి వెదురు తీసి, మూతికి కుక్కిన ఆకులు లాగేసి, పొగలు కక్కుతున్న ముక్కల్ని విస్తరాకులో ఒంపింది. నూనె చుక్క లేదు, ఆ రుచి ఇంకా నాలుక మీదే ఉంది.

గదిలో మాత్రం వేడినీళ్ళు రాలేదు. ఆ చలికి చాలా ఇబ్బంది పడ్డాం. ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

వైజాగ్‌లో ఆర్కే బీచ్ దగ్గర మ్యూజియంగా మార్చిన కురుసుర జలాంతర్గామి తప్పక చూడండి, సోమవారం సెలవు. ఆ ఇరుకు పడకలు చూస్తే నావికుల మీద గౌరవం పెరిగింది. కైలాసగిరికి టైం చాలలేదు.