సెలెస్ట్ వీడియో గేమ్‌లో గాల్లో డ్యాష్ కొట్టడం (దూకాక ఒక్కసారిగా రివ్వున దూసుకెళ్లడం) చేతికి ఎక్కట్లేదు, మీరెలా నేర్చుకున్నారు?

పద్మజ, ఖమ్మం:
నా వయసు 43. చిన్నప్పుడు అన్నయ్యతో కలిసి టీవీకి తగిలించే క్యాసెట్ గేములో మారియో ఆడాను, మళ్లీ ఇన్నేళ్లకి మా అమ్మాయి సెలెస్ట్ ఆడుతుంటే చూసి మనసుపడ్డాను. దూకడం, గోడ పట్టుకుని ఎక్కడం వచ్చేశాయి. డ్యాష్ దగ్గరే ఆగిపోయాను. కీబోర్డు మీద సీ నొక్కి దూకి, పైకి, పక్కకి బాణాలు కలిపి పట్టుకుని, ఎక్స్ నొక్కేలోపు ముళ్ల మీద పడుతున్నాను. నిన్న రాత్రి మొదటి అధ్యాయంలో ఒకే గదిలో 70 సార్లు చచ్చిపోయాను. అమ్మాయి "ఇలా ఇవ్వమ్మా" అని తీసుకుని చిటికెలో దాటించేసింది. నాకేమో నా చేత్తో దాటాలని ఉంది.

కొండమీద కాకి:
పద్మజ గారూ, కాసేపు ఆ గది దాటే సంగతి వదిలేయండి. మొదట్లో ముళ్లు లేని నేల ఉంటుంది కదా, అక్కడే నిలబడి దూకి పైకి డ్యాష్ కొట్టండి, అంతే. అది తడబడకుండా వచ్చాక పక్కకి. పైకి, పక్కకి కలిపి మూలకి కొట్టడం ఆఖరున. బాణాలు దూకాక కాదు, దూకకముందే నొక్కి పట్టుకోండి. అప్పుడు గాల్లో చేయాల్సింది ఎక్స్ ఒక్కటే. గేములో మీరు ఆడించే అమ్మాయి మాడెలిన్ జుట్టు మీద కన్నుంచండి: ఎర్రగా ఉంటే డ్యాష్ ఉన్నట్టు, నీలంగా మారితే వాడేసినట్టు, నేల తాకగానే మళ్లీ ఎరుపు. నాకైతే వేళ్ల కన్నా ముందు కంటికే అలవాటైంది.

రఘు:
మీరు ఆడిన మారియోలోనూ ఇదే పద్ధతి అండీ. 1985 నాటి ఆ గేములో మొదటి లెవెల్ చివర ఎదురెదురుగా రెండు మెట్ల వరసలు వస్తాయి, మధ్యలో నేల ఉంటుంది, జారినా ఏమీ కాదు. కాస్త ముందుకెళ్తే అలాంటివే మళ్లీ వస్తాయి, ఈసారి మధ్యలో గొయ్యి. దూకడం అదే, భయం ఒక్కటే కొత్త. చేతులు మరీ నొప్పెడితే సెలెస్ట్‌లో ఆటని తేలిక చేసే అసిస్ట్ మోడ్ అనే సెట్టింగ్ ఉంది, అందులో గేమ్ వేగం తగ్గించి సాధన చేయండి.

కొండమీద కాకి:
వేగం తగ్గించడం నాకు పడలేదు రఘు గారూ. మామూలు వేగానికి వచ్చేసరికి లెక్క మళ్లీ మొదటికొచ్చింది. కానీ వేళ్లు నొప్పి పుట్టేవాళ్లకి అదే మంచిది.

పద్మజ, ఖమ్మం:
దాటాను! వేగం తగ్గించలేదు. పొద్దున్నే వంట కాకముందు అరగంట నేల మీదే సాధన చేశాను. బాణాలు ముందే పట్టుకోవడంతో చాలా తేడా వచ్చింది, గదిలోకెళ్లాక 11వ సారికి అవతల ఒడ్డున నిలబడ్డాను. జుట్టు నీలం నుంచి ఎరుపుకి తిరగడం మొదటిసారి కళ్లారా చూశాను. అమ్మాయిని నిద్రలేపి మరీ చూపించాను. ఇప్పుడు కాలు పెట్టగానే రివ్వున దూసుకెళ్లే దిమ్మ వచ్చింది. దాని మీంచి ఎప్పుడు దూకాలి?

కొండమీద కాకి:
చివరికి చేరి ఆగబోయే క్షణంలో. దాని వేగం మీకూ వస్తుంది. ముందు రెండుమూడు సార్లు దూకకుండా ఊరికే ఎక్కి వెళ్లి, ఎక్కడ ఆగుతుందో చూసుకోండి.