బదనిక పాపం ఆ పిట్టదేనా?

నూజివీడు తోట: మా నాన్న వేసిన బంగినపల్లి చెట్లు ఇరవై. ఏడింటికి బదనిక పట్టింది, అదే, కొమ్మకి అతుక్కుని దాని రసం పీల్చి బతికే మొక్క. కొమ్మల చివర్లు ఎండిపోయి కాపు సగానికి పడిపోయింది. దీన్ని చెట్టు నుంచి చెట్టుకి అంటించేది రోజంతా చిక్ చిక్‌మనే బొటనవేలంత పిట్టేనట. వలలు కట్టేద్దామనుకుంటున్నా. పక్షిప్రేమికులు తిట్టుకున్నా సరే.

పిట్టలపిచ్చి: తిట్టనులే అన్నా, మోసేది అదే. పేల్ బిల్డ్ ఫ్లవర్‌పెకర్ అంటారు. 8 సెంటీమీటర్లుంటుంది, వీపు బూడిద గోధుమ రంగు, ముక్కు మాత్రం లేత గులాబీ. బదనిక పండు మింగితే గింజ దాని కడుపులో ఉండేది కొద్ది నిమిషాలే. ఆ గింజకి బంక. ఊరికే రాలిపడదు. అందుకని పిట్ట వెనక భాగాన్ని కొమ్మకేసి రుద్దుతుంది, గింజ బెరడుకి అతుక్కుని అక్కడే మొలుస్తుంది. పక్షి శాస్త్రవేత్త సలీం అలీ 1931లోనే కొంకణ్‌లో చూసి రాశారు. కానీ వల కడితే తేనెపిట్టలూ చిక్కుతాయి. పైగా వన్యప్రాణి చట్టం కింద కేసు.

నూజివీడు తోట: అంటే చూస్తూ ఊరుకోవాలా? నా అప్పు పిట్ట తీరుస్తుందా?

చెట్టుకొమ్మ: ఊరుకోమని ఎవరన్నారు? బదనికకి పండ్లు రాకముందే, అది అతుక్కున్న చోటుకి జానెడు కింద కొమ్మ కొట్టెయ్. ఆకులు పీకితే లాభం లేదు, వేరు కొమ్మ లోపలే ఉంటుంది, మళ్ళీ చిగురిస్తుంది. పండే లేకపోతే పిట్ట ఏం మోస్తుంది? అడవిలోది కూడా నరికేస్తే పీడ వదులుతుంది.

పిట్టలపిచ్చి: అడవి జోలికి పోవద్దు. ముదిరిన బదనిక మొగ్గ కొనని ఈ పిట్ట నొక్కితే టప్‌మని విచ్చుకుంటుంది, పుప్పొడి దాని మూతికి అంటుకుంటుంది. బదనికకీ పిట్టకీ అంత పొత్తు. తోటలో కొట్టడం వేరు.

పెరటి కిటికీ: మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. మా సింగపూర్ చెర్రీ పండ్లకి కూడా ఈ పిట్టే వస్తుంది. గూడు బట్టలారేసే తీగ పక్కనే ఉన్నా నెలరోజులు కనిపెట్టలేకపోయాను, ఎండుటాకు అనుకున్నా. సాలెగూటి పోగులతో అల్లిన గోధుమరంగు సంచి, పక్కన చిన్న చీలిక. అందులోంచి ముక్కు బయటికొచ్చాక గానీ తెలీలేదు.

నూజివీడు తోట: సరే, వల మానేస్తా. ఏడు చెట్లూ రేపే మొదలుపెడతా. మరి కాలవ గట్టు మీద చెట్లకి నాకంటే ఎక్కువ బదనిక ఉంది. అవి ఎవరు కొడతారు?