షార్ట్ ఫిల్మ్ పోస్టర్‌కు ఏ ఫొటో, మ్యాగజైన్ కవర్‌కు ఏ ఫొటో?

నీలగిరి పోరడు:
అన్నలూ, మాది నల్లగొండ, డిగ్రీ ఫైనలియర్. 18 నిమిషాల షార్ట్ ఫిల్మ్ ఎడిటింగ్ అయిపోయింది. వరుసగా బోర్లు ఎండిన రైతు, ఆయన బిడ్డ కథ. 12×18 అంగుళాల పోస్టర్, ఏ4 కాలేజీ మ్యాగజైన్ కవర్ రెండూ చేయాలె. చేతిల మూడు ఫొటోలున్నయి:
1. బోరుబండి లేపిన తెల్లటి దుమ్ములో తండ్రి. ఇది వీడియో ఫ్రేమ్, ఫుల్ హెచ్‌డీ.
2. పానగల్లు గుడి స్తంభాల నడుమ బిడ్డ ముఖం. 24 మెగాపిక్సెల్ కెమెరా, అడ్డం ఫొటో.
3. ఉదయసముద్రం కట్ట మీద టీమంతా.
మ్యాగజైన్ కమిటీ సార్లు మూడోదే కవర్‌కు పెట్టమంటున్నరు. ఏం జేయాలె?

పాలమూరు లెన్సు:
పోస్టర్‌కు ఒకటోదే, అనుమానం లేదు. కథ మొత్తం ఆ దుమ్ములనే ఉంది. కానీ ఆ ఫ్రేమ్ పనికిరాదు తమ్మీ. ఫుల్ హెచ్‌డీ ఎత్తు 1080 పిక్సెళ్లే. 12×18కి నిలువుగా కోస్తే మిగిలేది 720×1080, అంటే అంగుళానికి 60 పిక్సెళ్లు. పైగా సెకనుకు 24 ఫ్రేముల వీడియోకు షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం) 1/50 సెకను దగ్గర ఉంటది కాబట్టి మనిషి కదిలితే ముఖం అలుక్కపోతది. సాఫ్ట్‌వేర్‌తో పెద్దగ చేసినా చర్మం మైనం లెక్క అయితది.

మళ్ల తియ్యి. పొద్దున 7–8 మధ్య, సూర్యుడు దుమ్ము వెనక ఉండాలె. ముందు నుంచి వెలుగు పడితే దుమ్ము కనబడదు. కెమెరా నిలువుగా పట్టి, షట్టర్ 1/500 కన్నా తగ్గకుండ బర్స్ట్ (వరుసగ చాలా ఫొటోలు) కొట్టు. ముఖం నల్లబడతది కనుక తెల్ల థర్మకోల్ షీట్‌ను ఫ్రేమ్ బయట, ముఖానికి దగ్గర పట్టించు. బోరుబండి దొరకకపోతే బియ్యప్పిండి ఎగరేయి. బోరు కాడి రాతిపొడి మాత్రం వద్దు, ఊపిరితిత్తులకు చేటు. ఆ దుమ్ముల లెన్సు మార్చకు.

కవర్‌కు రెండోది. సినిమా చూడనోళ్ల చేతికి కూడా మ్యాగజైన్ పోతది, వాళ్లను ఆపేది ఆ బిడ్డ చూపే. తల వెనక స్తంభం సరిగ్గ నెత్తి మీద లేచినట్టుంటే ఆ షాట్ వదిలి పక్కది ఏరు. పేరు వేయడానికి పైన మూడో వంతు ఖాళీ ఉండాలె. రెండిటినీ ఫోన్‌ల బొటనవేలి గోరంత చేసి చూడు. అప్పుడు గూడ ఏముందో తెలిస్తేనే పనికొస్తది.

డీటీపీ గది:
పైన చెప్పింది కరెక్టే. ప్రింటు సంగతి కలుపుతా. ఏ4కు చుట్టూ 3 మి.మీ. బ్లీడ్ (ప్రింటైనంక కోసేసే అదనపు అంచు) కలిపితే 216×303 మి.మీ., 300 డీపీఐకి (అంగుళానికి 300 చుక్కలు) 2551×3579 పిక్సెళ్లు. మీ ఫొటో 6000×4000 ఉంటది, నిలువుగా కోసినా ఎత్తు 4000 ఉంటది కనుక సరిపోతది. ఎక్కువ మాత్రం కోయకండి. అక్షరాలు అంచు నుంచి కనీసం 10 మి.మీ. లోపలికి ఉంచండి.

గుడిలోపలి నీడలు స్క్రీన్ మీద కనబడ్డంత ప్రింటుల కనబడవు, మ్యాట్ లామినేషన్ చేస్తే ఇంకొంచెం మందగిస్తయి. నీడలు కొద్దిగ లేపి, సీఎంవైకే (ప్రింటింగ్ సిరా రంగులు) లోకి మార్చి, ప్రూఫ్ (నమూనా ప్రింటు) చూసినంకనే ఓకే అనండి. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద తెల్ల తెలుగు అక్షరాలు సన్నగ పెడితే సిరా పాకి వత్తులు మూసుకపోతయి. 9 పాయింట్లకు తగ్గించకండి, బోల్డ్ పెట్టండి. డీటీపీల వాడే ‘అను’ తెలుగు ఫాంట్లయితే అక్షరాలను కర్వ్స్ (బొమ్మలాంటి గీతలు) చేసే పంపండి, లేకుంటే అవతల పిచ్చి గీతలొస్తయి. ఫొటోలు వాట్సాప్‌ల డాక్యుమెంట్‌గనే పంపాలె.

నీలగిరి పోరడు:
మరి సార్లకు ఏం చెప్పాలె? ఫ్లెక్సీ కూడ కావాల్నంట.

పాలమూరు లెన్సు:
గ్రూపు ఫొటోల పన్నెండు మంది ఉంటే ఏ4 మీద ఒక్కో ముఖం గోళీకాయంత వస్తది. పైన పేరు వేస్తే వెనక వరుస తలలు దాని కింద పోతయి. ఒక నమూనా ప్రింటు తీసి చేతికియ్యి, వాదన అవసరం రాదు. గ్రూపు ఫొటోను వెనక అట్ట మీద, అందరి పేర్లతో వేయమను. ఎవరూ నొచ్చుకోరు.

డీటీపీ గది:
ఫ్లెక్సీ దూరం నుంచి చూసేది, అసలు సైజుకు 72–100 డీపీఐ చాలు. పోస్టర్ ఫైలే సాగదీసి పెట్టకండి. అడ్డం ఫ్లెక్సీ అయితే దుమ్ముల తండ్రిని ఒక పక్కకుంచి అడ్డంగ కూడ రెండు షాట్లు మళ్ల తీసే రోజే తీసి పెట్టుకోండి.