‘ఓక్ ముందా, యాష్ ముందా’: ఈ సామెత తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: అందరికీ నమస్కారం. అనువాదం చేస్తుంటే బ్రిటన్ పల్లెల సామెత ఒకటి తగిలింది. ‘ఓక్ బిఫోర్ యాష్, వి ఆర్ ఇన్ ఫర్ ఎ స్ప్లాష్, యాష్ బిఫోర్ ఓక్, వి ఆర్ ఇన్ ఫర్ ఎ సోక్.’ నేను ‘బూడిద చెట్టు కన్నా ఓక్ ముందు చిగురిస్తే చిరుజల్లు, బూడిద చెట్టు ముందైతే కుండపోత’ అని రాశాను. అర్థం వచ్చింది కానీ సామెతలా లేదు. ఎవరైనా సరిచేస్తారా?

జవాబు: ముందు ఆ ‘బూడిద చెట్టు’ తీసేయండి. పొయ్యిలో మిగిలే యాష్, ఈ చెట్టు యాష్ పాత ఇంగ్లిషులో వేర్వేరు మాటలు, కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చాయంతే. ఓక్‌ని ఓక్ అనే ఉంచారు కదా, దీన్నీ యాష్ అనే ఉంచండి.

అసలు సంగతి ‘ముందు చిగురించడం’ దగ్గర ఉంది. యాష్ ఆ దేశపు సొంత చెట్టు, ఆకు తొడగడంలో బాగా వెనకబడే చెట్టు. చలికాలంలో ఆకు లేకపోయినా కొమ్మ చూసి పోల్చుకోవచ్చు: మెరుపు లేని నల్లటి మొగ్గలు, కొమ్మకి అటొకటి ఇటొకటి ఎదురెదురుగా, కొసన మాత్రం ఒక పెద్ద మొగ్గ. ఏప్రిల్‌లో ఆకు జాడే లేనప్పుడు రేకుల్లేని ఊదారంగు పూల గుత్తులు బయటపడతాయి, పుప్పొడిని గాలే మోసుకెళ్తుంది. చుట్టుపక్కల చెట్లన్నీ పచ్చబడ్డాక కూడా ఇది మోడులాగే కనిపిస్తుంది, చచ్చిపోయిందేమో అని కొత్తవాళ్ళు టెన్షన్ పడతారు. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో ఆకు విచ్చుకుంటుంది. వేప రెమ్మలాగే ఈనెకి అటూ ఇటూ జంటలుగా చిన్న ఆకులు, చివర ఒంటి ఆకు. వేపకి చుట్టం మాత్రం కాదు, దీనిది మల్లె, పారిజాతం, ఆలివ్ ఉన్న కుటుంబం. (నాకు ఈ చెట్టు మీద ఇష్టం పుట్టింది ఆ సంగతి తెలిశాకే.) ఆలస్యంగా వచ్చిన ఆకు పోవడం మాత్రం తొందరగా పోతుంది, అక్టోబరులో చాలాసార్లు పచ్చగా ఉండగానే రాలిపోతుంది.

ఓక్ వసంతపు వేడిని బట్టి తొందరపడుతుంది, యాష్ అంతగా పడదు. అందుకే వసంతం వెచ్చగా ఉంటే ఓక్‌దే ముందడుగు, ఈ మధ్య దశాబ్దాల్లో చాలా ఏళ్ళు అలాగే జరుగుతోంది. అంటే ఏ చెట్టు ముందు చిగురించిందో చూస్తే అప్పటిదాకా ఎండ ఎలా కాసిందో తెలుస్తుంది, రాబోయే వాన గురించి దానికేం తెలియదు. జర్మన్‌లో ఇదే సామెత తలకిందులుగా ఉంది చూడండి: అక్కడ ఓక్ ముందైతేనే తడి వేసవి, యాష్ ముందైతే పొడి వేసవి! మనం ‘ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదు’ అని కార్తెని నమ్ముకున్నట్టు వాళ్ళు చెట్టుని నమ్ముకున్నారు.

మీకు కావలసింది ప్రాస కాబట్టి నా ప్రయత్నం ఇది:

ఓక్ ముందైతే తుంపర,
యాష్ ముందైతే ముంపురా.

తుంపర, ముంపు ప్రాసకి కుదిరాయి. ‘చిగురిస్తే’ అని చెప్పలేదు కాబట్టి ముందు వాక్యంలో చిగురు మాట ఎక్కడో రావాలి, అది మీరు చూసుకోండి.

ప్రశ్న: చాలా బాగుందండీ, ఇదే వాడుకుంటాను. తర్వాతి పేజీలోనే ‘యాష్ కీస్’ అని ఉంది. తాళంచెవులు అంటే నవ్వుతారేమో?

జవాబు: నవ్వరు, అవి యాష్ చెట్టు కాయలు, నిజంగానే తాళంచెవుల్లా గుత్తులుగా వేలాడతాయి, ఇంగ్లిషు వాళ్ళు పేరు పెట్టిందీ అందుకే. ఒక్కో కాయలో గింజ ఒక కొసన, సన్నటి పొడుగు రెక్క రెండో కొసన. ఆకులన్నీ పోయినా చలికాలమంతా గోధుమరంగులో కొమ్మనే పట్టుకుని ఉంటాయి. నేనైతే ‘రెక్కకాయలు’ అని రాస్తాను, మొదటిసారి మాత్రం ‘తాళంచెవుల గుత్తిలా వేలాడే’ అని చేర్చండి.

కథలో పాత్ర ఆ గింజ నాటుతుంటే మాత్రం నెల చూసి అనువదించండి. ఆగస్టు ప్రాంతంలో కాయ పచ్చిగా ఉండగానే కోసి వెంటనే విత్తితే మరుసటి వసంతానికే మొలవొచ్చు. ముదిరి ఎండిన కాయైతే లోపలి పిండం ఇంకా ఎదగాలి, దానికి ఒక వెచ్చని కాలం, ఆ తర్వాత ఒక చలికాలం గడవాలి, మొలక కనిపించేది రెండో వసంతంలో. ‘నాటిన కొద్దిరోజులకే మొలకెత్తింది’ అని పొరపాటున కూడా రాయకండి.

కథాకాలం 2012 తర్వాతదైతే ఇంకొకటి. బ్రిటన్‌లో యాష్‌లకి పట్టిన బూజు తెగులుని ఆ ఏడాదే గుర్తించారు. రాలిన ఆకుల ఈనెల మీద ఆ బూజు బతికి, వేసవిలో అక్కడి నుంచే గాలిలోకి లేస్తుంది. ఆకులు నల్లబడి వేలాడతాయి, కొమ్మలు పైనుంచి ఎండుతూ వస్తాయి. కాబట్టి మీ రచయిత మే నెల దాటాక ‘బేర్ యాష్’ అని రాస్తే ‘ఇంకా చిగురించని’ అనకుండా ‘ఎండిపోతున్న’ అనాల్సి రావచ్చు. ఆ పేరా ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.