ఖరీదైన మ్యూజిక్ ప్లేయర్ కొనడం దండగా? డాంగిల్ చాలదా?

తీగరాగం:
చేతిలో ఫోన్ ఉండగా పాటల కోసమే ఇంకో పరికరం, అదీ ఫోన్ కన్నా ఖరీదైనది, కొనడంలో అర్థం ఉందా? "డాంగిల్‌కీ (ఫోన్ పోర్టుకి హెడ్‌ఫోన్ తగిలించే బుల్లి అడాప్టర్) దానికీ తేడా ఏమీ లేదు" అని ఒక వర్గం, "ఒక్కసారి వింటే మళ్లీ ఫోన్ ముట్టరు" అని ఇంకో వర్గం. రెండూ గాలి మాటలే. రెండు సందర్భాలు పెట్టుకుని మాట్లాడదాం. ఒకటి, నాలుగైదు బ్యాలెన్స్‌డ్ ఆర్మేచర్ డ్రైవర్లు (శబ్దం పుట్టించే బుల్లి భాగాలు) ఉన్న సున్నితమైన ఇయర్‌ఫోన్. రెండోది, 300 ఓమ్‌ల ఓపెన్‌బ్యాక్ (వెనక భాగం తెరిచి ఉండే) హెడ్‌ఫోన్. "తెర తొలగినట్టుంది" లాంటి వర్ణనలు వద్దు, అంకెలు చెప్పండి.

ఓమ్‌సూత్రం:
లెక్కతోనే మొదలుపెడతాను. ప్లేయర్ చేసే పని మూడు ముక్కలు: ఫైలు చదవడం, అందులోని అంకెల్ని వోల్టేజీగా మార్చడం, ఆ వోల్టేజీని హెడ్‌ఫోన్‌కి సరిపడా కరెంటుతో అందించడం. మొదటి రెండూ ఇవాళ చవక పనులు. యాపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ దాదాపు 1 వోల్టు ఇస్తుంది (యూరప్‌లో అమ్మే రకం అందులో సగం), దాని అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (బయటికిచ్చే కరెంటుకి లోపలే ఎదురయ్యే నిరోధం) 1 ఓమ్ దరిదాపుల్లో ఉంటుంది.

ఇప్పుడు మీ మొదటి సందర్భం. ఇయర్‌ఫోన్ 16 ఓమ్‌లు, సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి ఎంత గట్టిగా మోగుతుందన్నది) మిల్లీవాట్‌కి 110 డీబీ (డెసిబెల్) అనుకుందాం. 16 ఓమ్‌లలో 1 మిల్లీవాట్ పుట్టాలంటే 0.126 వోల్టు చాలు. డాంగిల్ ఇచ్చే 1 వోల్టు అంతకన్నా 18 డీబీ ఎక్కువ, అంటే 128 డీబీ. అది సంగీతం కాదు, చెవులకు గాయం. ఇలాంటి ఇయర్‌ఫోన్‌కి "పవర్ ఎక్కువ" అని చెప్పి ప్లేయర్ అమ్మడం ఈగను చంపడానికి ఫిరంగి తేవడమే.

రెండో సందర్భానికి సెన్‌హైజర్ హెచ్‌డీ 650 మంచి ఉదాహరణ: 300 ఓమ్‌లు, 1 వోల్టుకి 103 డీబీ. మనం వినే సగటు 75 నుంచి 80 డీబీ. దానిమీద డ్రమ్ము దెబ్బల్లాంటి శిఖరాలు 15, 20 డీబీ పైకి లేస్తాయి. అంటే 100 దగ్గర ఆగిపోతుంది, డాంగిల్ సరిపోయింది. ఈక్వలైజర్ వాడి ప్రీయాంప్ (మొత్తం స్థాయిని ముందే దించే సెట్టింగు) 6 డీబీ తగ్గిస్తే మాత్రం డాంగిల్ గరిష్ఠం 103 నుంచి 97కి పడిపోతుంది. అప్పుడు బొటాబొటీ. 2 వోల్టులిచ్చే కాస్త పెద్ద డాంగిల్‌తో ఆ ఇబ్బందీ తీరుతుంది. ఇందులో ఖరీదైన ప్లేయర్‌కి చోటెక్కడ?

నాదబిందు:
గురూ, లెక్క సరే, డాంగిల్ ఏ ఫోన్‌లో పెడుతున్నారో చెప్పలేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ యాపిల్ డాంగిల్‌లోని హార్డ్‌వేర్ వాల్యూమ్‌ని పైదాకా తెరవవు. స్క్రీన్‌మీద వాల్యూమ్ నూటికి నూరు చూపిస్తుంది, బయటికొచ్చేది అందులో సగమో అంతకన్నా తక్కువో. "హెచ్‌డీ 650ని డాంగిల్ నడపలేదు" అన్న అపవాదులో పెద్ద భాగం దీనివల్లే వచ్చింది. సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉన్న యూఏపీపీ (యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో) లాంటి యాప్ వాడితే పూర్తి వోల్టేజీ వస్తుంది. అయితే అది ఆ యాప్‌లో వాయించినప్పుడే, మిగతా యాప్‌లకు కథ మళ్లీ మొదటికే.

పైగా మీరు సులువైన హెడ్‌ఫోన్లే ఎంచుకున్నారు. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 తీసుకోండి: 50 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 83.5 డీబీ. 110 డీబీ శిఖరం అందాలంటే 26.5 డీబీ పైకి పోవాలి, అంటే దాదాపు 450 మిల్లీవాట్లు. 4.7 వోల్టులు, 95 మిల్లీయాంపులు. ఫోన్ పోర్టు నుంచి కరెంటు పీల్చే బుల్లి డాంగిల్ వల్ల అయ్యే పనేనా?

ఓమ్‌సూత్రం:
కాదు, ఒప్పుకుంటాను. కానీ హెచ్‌ఈ-6ని బస్సులో పెట్టుకునేవాళ్లెందరు? ఇంట్లో బల్లదగ్గర కూర్చుని వినేదానికి గోడ కరెంటుతో నడిచే డెస్క్‌టాప్ యాంప్ ఉంది. పోర్టబుల్ ప్లేయర్‌కి అంత శక్తి ఇస్తే అది వేడెక్కుతుంది, బరువెక్కుతుంది, బ్యాటరీ త్వరగా కరుగుతుంది. జేబులోకి పట్టదు, బల్లమీద యాంప్‌తో పోటీ పడదు.

సడిలేదు:
ఇద్దరూ వోల్టేజీ దగ్గరే ఆగిపోయారు. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కి ముఖ్యమైనవి రెండు: హిస్ (పాట లేనప్పుడూ పరికరం నుంచి వచ్చే సన్నని నాయిస్), అవుట్‌పుట్ ఇంపెడెన్స్.

హిస్ లెక్క ఇది. పైన చెప్పిన 16 ఓమ్‌ల, 110 డీబీ ఇయర్‌ఫోన్‌కి 2 మైక్రోవోల్టుల నాయిస్ ఉన్న ప్లేయర్ తగిలిస్తే చెవి దగ్గర 14 డీబీ పడుతుంది. వినబడదు. 10 మైక్రోవోల్టులైతే 28 డీబీ. చెవిని మూసేసే ఇయర్‌ఫోన్ బయటి చప్పుడు ఎలాగూ ఆపేస్తుంది గనక, పాటల మధ్య ఆ "స్‌స్‌స్" స్పష్టంగా తెలుస్తుంది. తమాషా ఏమిటంటే, పెద్ద హెడ్‌ఫోన్లని నడపాలని గెయిన్ (యాంప్ సిగ్నల్‌ని పెంచే మోతాదు) పెంచి తయారుచేసిన ఖరీదైన ప్లేయర్లలోనే ఇది ఎక్కువ కనిపిస్తుంది. ఎక్కువ డబ్బు పెడితే నిశ్శబ్దం ఎక్కువ వస్తుందన్న హామీ ఏమీ లేదు.

ఇంపెడెన్స్ విషయానికి వస్తే, ఆర్మేచర్ ఇయర్‌ఫోన్ ఇంపెడెన్స్ ఒకే అంకె కాదు, ఫ్రీక్వెన్సీని బట్టి మారుతుంది. ఒకచోట 8 ఓమ్‌లు, ఇంకోచోట 40 అనుకోండి. ప్లేయర్ అవుట్‌పుట్ 10 ఓమ్‌లైతే 8 ఓమ్‌ల దగ్గర 7 డీబీ పోతుంది, 40 దగ్గర 1.9 డీబీ పోతుంది. తేడా 5 డీబీ! ఇయర్‌ఫోన్ స్వభావమే మారిపోయింది. అదే 1 ఓమ్ అవుట్‌పుట్ అయితే ఆ తేడా 0.8 డీబీకి దిగుతుంది. "ఈ ప్లేయర్ వెచ్చగా వినిపిస్తుంది, ఆ ప్లేయర్ చల్లగా" అనేవాళ్లు చాలాసార్లు వింటున్నది ఈ వోల్టేజీ డివైడర్‌నే (రెండు ఇంపెడెన్సులు వోల్టేజీని పంచుకోవడం). డ్యాక్ చిప్ (అంకెల్ని వోల్టేజీగా మార్చేది) పేరుకి దాంతో సంబంధం లేదు. వాళ్ల చెవులు అబద్ధం చెప్పడం లేదు, కారణం మాత్రం తప్పు.

బ్యాలెన్స్‌డ్ (ఒక్కో చానెల్‌కి విడిగా ప్లస్, మైనస్ తీగలున్న) 4.4 మిల్లీమీటర్ల జాక్ అనగానే కళ్లు మూసుకుని మంచిదనుకోకండి. వోల్టేజీ రెట్టింపు, అంటే 6 డీబీ ఎక్కువ. దాంతోపాటు అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కూడా రెట్టింపు, నాయిస్ కూడా కాస్త పైకి. సున్నితమైన ఇయర్‌ఫోన్‌కి మామూలు 3.5 జాక్ మేలు కావచ్చు.

తీగరాగం:
ఇవి తయారీదారు చెప్పే అంకెలేనా, ఇంట్లో కొలిచే వీలుందా?

సడిలేదు:
ఇంపెడెన్స్‌ని మామూలు మల్టీమీటర్‌తో కొలవొచ్చు. ఆడాసిటీ అనే ఉచిత ఆడియో ఎడిటర్‌లో 60 హెర్ట్జ్ సైన్ టోన్ తయారుచేసి ఫ్లాక్ (నాణ్యత పోని ఆడియో ఫైలు)గా దాచుకోండి. చవక మీటర్లు కిలోహెర్ట్జ్ దగ్గర తప్పు చూపిస్తాయి, 60 దగ్గర నమ్మొచ్చు. హెడ్‌ఫోన్ తీసేసి, పాత కేబుల్ ఒకటి కోసి, పిన్ను కొన (ఎడమ చానెల్), మొదలు (గ్రౌండ్) తీగలు బయటికి తీయండి. ఏమీ తగిలించకుండా ఏసీ వోల్టేజీ చూడండి. తర్వాత ఆ రెండు తీగల మధ్య 33 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి మళ్లీ చూడండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, 1 తీసేసి, 33తో గుణిస్తే అవుట్‌పుట్ ఇంపెడెన్స్. ఉదాహరణకి 0.500 వోల్టు కాస్తా 0.485కి తగ్గితే దాదాపు 1 ఓమ్. వాల్యూమ్ మధ్యలో పెట్టుకోండి. పూర్తిగా తెరిస్తే కరెంటు పరిమితి అడ్డొచ్చి లెక్క తప్పుతుంది.

4.4 జాక్‌మీద ఈ ప్రయోగం చేస్తే మీటర్ కడ్డీలు ఆ చానెల్ ప్లస్, మైనస్‌లకే తగలాలి, గ్రౌండ్‌కి కాదు. అలాగే 4.4 జాక్‌లోంచి 3.5 హెడ్‌ఫోన్‌కి మార్చే మామూలు అడాప్టర్లు ఎప్పుడూ వాడొద్దు. రెండు చానెళ్ల మైనస్‌లు ఒకదానికొకటి కలిసి షార్ట్ అవుతాయి, యాంప్ కాలిపోవచ్చు. మైనస్ తీగలు వదిలేసి ప్లస్‌లనే కలిపే ప్రత్యేకమైనవి వేరు.

హిస్ కొలవడం మీటర్ వల్ల కాదు. రాత్రిపూట నిశ్శబ్ద ఫైలు వాయించి చెవితో వినడమే. అసలు ఫైలు నడుస్తూ ఉండాలి, పాజ్‌లో పెడితే కొన్ని ప్లేయర్లు అవుట్‌పుట్‌ని మూసేస్తాయి, లేని మంచి పేరు కొట్టేస్తాయి. ఇప్పటికే కొన్నదాంట్లో హిస్ ఉంటే 12 డీబీ తగ్గించే చిన్న అటెన్యుయేటర్ మధ్యలో పెడితే 10 మైక్రోవోల్టులు రెండున్నరకి దిగుతుంది. దానికోసం కొత్త ప్లేయర్ అక్కర్లేదు.

కార్డునిండా:
మీరంతా తీగ గురించే మాట్లాడుతున్నారు. బ్లూటూత్ హెడ్‌ఫోన్ వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: వైర్‌లెస్‌లో వింటున్నప్పుడు ప్లేయర్‌లోని డ్యాక్, యాంప్ రెండూ పనిలేకుండా కూర్చుంటాయి. మార్పిడి అంతా హెడ్‌ఫోన్‌లోనే జరుగుతుంది. ఎల్‌డ్యాక్ అనే బ్లూటూత్ కోడెక్ పైస్థాయి సెకనుకి 990 కిలోబిట్లు, సీడీ 1411. సిగ్నల్ బాగోకపోతే అది 660కి, 330కి దిగిపోతుంది. ఆ పని ఫోనూ చేస్తుంది. వైర్‌లెస్ కోసం ఖరీదైన ప్లేయర్ కొంటే అది శుద్ధ దండగ, ఇందులో చర్చకేమీ లేదు.

స్వరలిపి:
హై-రెస్ (సీడీని మించిన నాణ్యత) మాట ఎవరూ ఎత్తలేదేం? ఖరీదైన ప్లేయర్ పెట్టెమీద మొదట కనిపించేది అదేగా. 24 బిట్ 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లకి మంచి పరికరం కావాలన్నది నా వాదన.

ఓమ్‌సూత్రం:
స్వరలిపి గారూ, దానిమీద పరీక్షలు జరిగాయి. 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు హై-రెస్ డిస్కుల శబ్దాన్ని ఒకసారి నేరుగా, ఒకసారి సీడీ స్థాయి 16 బిట్ 44.1 మార్పిడి గుండా పంపి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మాబొరుసూ వేసినా అంతే వస్తుంది.

స్వరలిపి:
సగమే చెప్పారు. 2016లో రైస్ అనే పరిశోధకుడు 18 అధ్యయనాల్ని కలిపి, 12,500కి పైగా ప్రయత్నాల్ని లెక్కేస్తే సరైనవి 52.3 శాతం వచ్చాయి. శిక్షణ పొందిన శ్రోతల్లో అది ఇంకా పెరిగింది. అంటే తేడా సున్నా కాదు.

ఓమ్‌సూత్రం:
సున్నా కాదు, నిజమే. నూటికి 2.3 సార్లు అదనంగా పట్టుకోగలిగిన తేడా. దానికి పెట్టాల్సిన డబ్బు ఎంత అన్నదే ఇక్కడి ప్రశ్న. పైగా ఆ 24/192ని చదవని డాంగిల్ ఈ రోజుల్లో అరుదు. యాపిల్‌ది మాత్రం 24/48 దగ్గర ఆగుతుంది.

రెండు ప్లేయర్లను పోల్చి చూసుకోవాలనుకునేవాళ్లకి ఒక్క మాట: ముందు అదే 60 హెర్ట్జ్ టోన్‌తో రెండింటి వోల్టేజీ సమానం చేయండి, హెడ్‌ఫోన్ తగిలించి ఉండగానే. 0.1 డీబీ అంటే వోల్టేజీలో 1.2 శాతం తేడా. అంతకన్నా దగ్గరగా ఉండాలి. కొంచెం గట్టిగా ఉన్నది "వివరంగా" వినిపిస్తుంది, అక్కడే మోసపోతాం. తర్వాత ఇంకొకరి చేత మార్పించుకుంటూ 16 సార్లు చెప్పండి. 12 సరిగ్గా వస్తే యాదృచ్ఛికమనుకునే అవకాశం నూటికి నాలుగు లోపే. 9 వస్తే డబ్బు జేబులోనే ఉంచుకోండి.

కార్డునిండా:
శబ్దం సంగతి ఓమ్‌సూత్రం గారికే వదిలేస్తున్నా. అయినా ప్లేయర్‌కి ఓటేస్తా, కారణాలు వేరు. చూడకుండా జేబులోనే నొక్కగలిగే బటన్లు. పాట మధ్యలో ఫోన్ రాదు. ఛార్జింగ్ పోర్టు డాంగిల్‌తో నిండిపోదు, దాని మెడ విరగదు (డాంగిల్ ముందుగా పోయేది ఆ తీగ మొదట్లోనే). కార్డు స్లాటు: ఫ్లాక్‌లో సీడీ నాణ్యత గంటకి సుమారు 350 మెగాబైట్లు, డీఎస్‌డీ64 అనే హై-రెస్ ఫార్మాట్ అయితే రెండున్నర గిగాబైట్లు. పెద్ద కలెక్షన్ ఉన్నవాళ్లకి కార్డు స్లాటు లేని ఫోన్ కష్టమే.

కానీ ఇవన్నీ మధ్యస్థ ధరలో దొరికేవే. పైమెట్లు ఎక్కేకొద్దీ డబ్బు పోయేది లోహంలోకి. సోనీ 2016లో తెచ్చిన డబ్ల్యూఎం1జడ్ బంగారు పూత వేసిన రాగి ఒళ్లు, 455 గ్రాములు. అల్యూమినియంతో చేసిన దాని తోబుట్టువు డబ్ల్యూఎం1ఏ 267 గ్రాములే. జేబు చిరిగేంత బరువులో ఏం వినిపిస్తుందో కొన్నవాళ్లే చెప్పాలి.

నాదబిందు:
అందం కోసం కొనేవాళ్లని తప్పుపట్టను, చేతిగడియారం కూడా అంతే కదా. ఆయుష్షు మాత్రం ఆలోచించాలి. ఆండ్రాయిడ్ ప్లేయర్ అయితే, కంపెనీ వ్యవస్థను నవీకరించడం ఆపేసిన కొన్నేళ్లకి స్ట్రీమింగ్ యాప్‌లు "మీ వెర్షన్ పాతది" అంటాయి. డ్యాక్ బంగారంలా ఉంటుంది, యాప్ తెరుచుకోదు. ఫైళ్లే వాయించేవాళ్లకి ఆండ్రాయిడ్ లేని ప్లేయరే మేలు. రాక్‌బాక్స్ నడిచేదైతే మరీ మేలు, 2001 నుంచి వాలంటీర్లు నడుపుతున్న ఉచిత ఫర్మ్‌వేర్ అది, పారామెట్రిక్ ఈక్వలైజర్‌తో సహా. బ్యాటరీ ఇంకో తలనొప్పి: లిథియం-అయాన్ 300 నుంచి 500 ఛార్జీలకి ఎనభై శాతానికి దిగుతుంది. జిగురుతో అతికించిన గాజు వెనక ఉంటే మార్చడం ఖర్చుతో కూడిన పని. ఎప్పుడూ బల్లమీద ఛార్జర్‌లోనే ఉంచి వింటే ఇంకా త్వరగా పాడవుతుంది. కొన్ని మోడళ్లలో బ్యాటరీని పక్కనపెట్టి నేరుగా అడాప్టర్‌తో నడిచే డెస్క్‌టాప్ మోడ్ ఉంటుంది, అలా వాడేవాళ్లు అదుందో లేదో ముందే చూసుకోవాలి.

తీగరాగం:
అర్థమైంది. నా రెండు సందర్భాలకీ 2 వోల్టుల డాంగిల్, 2 ఓమ్‌లు మించని అవుట్‌పుట్, సరిపోతుందన్నమాట. పాతది, వాడినది, పైస్థాయి ప్లేయర్ ఒకటి సగం ధరకి వస్తే?

నాదబిందు:
చేతికిచ్చి చూడనిస్తేనే. నున్నటి బల్లమీద వెల్లకిలా పెట్టి మూలల్ని నొక్కండి. ఊగితే లోపల బ్యాటరీ ఉబ్బింది, స్క్రీన్ అంచు దగ్గర సన్నని సందు కనిపిస్తే ఇంకా ఖాయం. వాల్యూమ్ చక్రం నెమ్మదిగా తిప్పుతూ గరగర వస్తుందేమో వినండి. జాక్‌లో పిన్ను వేలితో మెల్లగా తిప్పితే ఒక చానెల్ పోయి వస్తుంటే సోల్డరు వదిలింది. మీ కార్డు మీరే తీసుకెళ్లండి, ఎక్స్‌ఫ్యాట్ (పెద్ద కార్డులకి వాడే ఫైల్ సిస్టమ్)లో ఫార్మాట్ చేసి. పాత మోడళ్లు కొన్ని పెద్ద కార్డుల్ని చదివినట్టే చదివి, లైబ్రరీ స్కాన్ మధ్యలో ఆగిపోతాయి. ఆ స్కాన్ పూర్తయ్యేదాకా డబ్బు చేతులు మారనివ్వకండి.