బకెట్‌కి వెల్డింగ్ చేసేముందు ఈసీఎం (ఇంజన్‌ని నియంత్రించే కంప్యూటర్) ప్లగ్గులు లాగాలా?

ప్రశ్న (టెక్కలి): గ్రానైట్ క్వారీలో 24 వోల్టుల ఎక్స్‌కవేటర్. బకెట్ పగిలింది, ఆర్క్ వెల్డింగ్ చేయించాలి. మెయిన్ స్విచ్ ఆపితే చాలదా?

జవాబు 1: చాలదండీ. స్విచ్ సాధారణంగా బ్యాటరీ నెగటివ్ తీగనే తెంపుతుంది. ఈసీఎం ఎర్త్ ఛాసీకి అంటుకునే ఉంటుంది కాబట్టి వెల్డింగ్ కరెంటు అటు కూడా దారి చూసుకుంటుంది. ఇంజన్ ఆపి, తాళం తీసి, కొన్ని నిమిషాలు ఆగండి. ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ విప్పండి. ఆపైన ఈసీఎం, మానిటర్, ఆల్టర్నేటర్ ప్లగ్గులు లాగండి. తిరిగి బిగించేటప్పుడు నెగటివ్ ఆఖర్న.

జవాబు 2: వెల్డింగ్ మిషన్ ఎర్త్ క్లాంపు సంగతి కూడా చూడండి, ఎక్కువ నష్టం అక్కడే. క్లాంపుని బకెట్‌కే, అతుక్కి రెండడుగుల లోపు, రంగు గీకిన ఇనుముకి బిగించాలి. ట్రాక్‌కి పెట్టారో, కరెంటు పిన్నులు, బుష్‌లు, స్వింగ్ బేరింగ్ (బండి పైభాగం తిరిగే బేరింగ్) మీదుగా పోయి వాటిని కాల్చేస్తుంది. బకెట్ విప్పి నేలమీద పెట్టి అతికిస్తే ఈ బెడదే ఉండదు.

ప్రశ్న వేసినవారు: పిన్నులు పట్టేశాయి, విప్పడం కుదరదు. క్లాంపు బకెట్‌కే పెడతాం. బ్యాటరీ దిగిపోతే వెల్డింగ్ మిషన్‌తోనే స్టార్ట్ చేయిస్తామంటున్నారు, పర్లేదా?

జవాబు 3: అస్సలు వద్దు! మరో 24 వోల్టుల బ్యాటరీ సెట్‌తోనే స్టార్ట్ ఇవ్వండి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ కూడా తీయొద్దు. ఛార్జింగ్ కరెంటు ఒక్కసారి తెగితే, ఎగిసే వోల్టేజీని అణచే డయోడ్లు లేని ఆల్టర్నేటర్ నుంచి 24 వోల్టుల బండిలో వోల్టేజీ 200 వోల్టుల దాకా ఎగబాకొచ్చు.