కీబోర్డు తప్పు ఎంచుకున్నాను, పాస్‌వర్డ్ తీసుకోవట్లేదు

కొత్తలైనక్సోడు: నిన్న రాత్రి పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు లైనక్స్ ఎక్కించాను. కీబోర్డు లేఅవుట్, అంటే ఏ కీకి ఏ అక్షరమో అడిగినచోట, మనకు బళ్లో నేర్పింది బ్రిటిష్ ఇంగ్లిషే కదా అని ఇంగ్లిష్ యూకే పెట్టేశా. తర్వాత @ కొడితే " పడుతోందని సెట్టింగ్స్‌లో యూఎస్‌కి మార్చా. టీ తాగొచ్చేసరికి స్క్రీన్ లాక్. ఇప్పుడు పాస్‌వర్డ్ తప్పంటోంది, అందులో @ ఉంది. ఏ కీబోర్డు తగిలించామో అదే కనిపెట్టుకోదా? బ్లూటూత్ కీబోర్డుతో ఇన్‌స్టాల్ చేయొచ్చా? తెలుగు అప్పుడే పెట్టాలా?

రిపేరుషాపు: 22 ఏళ్లుగా ఇదే పని నాది. కొత్త మదర్‌బోర్డు మీద విండోస్ 7 వేసేవాళ్లకు నేను చూసిన నరకం మీకేం తెలుసు! బయాస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే సెటప్‌లో పనిచేసిన కీబోర్డు ఇన్‌స్టాలర్‌లోకి రాగానే చచ్చిపోయేది. ఆ డిస్కులో యూఎస్‌బీ 3 డ్రైవర్లు ఉండవు మరి. తుక్కులోంచి గుండ్రటి పిన్ను పీఎస్2 కీబోర్డు తీసి పని కానిచ్చా. ఇప్పటికీ రెండు దాచాను.

అర్ధరాత్రి_టెర్మినల్: అడిగిందేంటి, చెప్పేదేంటి అన్నా! తమ్ముడూ, ఇన్‌స్టాల్‌లో నువ్వు పాస్‌వర్డ్ పెట్టినప్పుడు @ బదులు " పడింది, చుక్కలే కదా కనిపించేది. ఇప్పుడు యూఎస్‌లో ఉన్నావు కాబట్టి @ వచ్చేచోట షిఫ్ట్ పట్టుకుని, ఎంటర్‌కి ఆనుకుని ఎడమవైపున్న కీ కొట్టు.

రిపేరుషాపు: యూఎస్‌బీ కీబోర్డు తన దేశం తానే చెబుతుంది. తమ్ముడు డిటెక్ట్ నొక్కి ఉండాల్సింది.

అర్ధరాత్రి_టెర్మినల్: చెప్పదు. కీబోర్డు తన గురించి కంప్యూటర్‌కి ఇచ్చే వివరాల్లో దేశం కోడుకి ఒక గడి ఉన్నమాట నిజమే, చాలా కంపెనీలు అందులో సున్నా పెట్టి వదిలేస్తాయి. కీబోర్డు పంపేది అక్షరం కాదు, కీ ఉన్న చోటు నంబరు. మన A పంపేది 4. ఫ్రెంచి కీబోర్డులో అక్కడ Q ఉంటుంది, అదీ 4 పంపుతుంది. అందుకే ఇన్‌స్టాలర్ "ఫలానా కీ నొక్కు, ఫలానా కీ ఉందా" అని మనల్నే అడుగుతుంది.

రిపేరుషాపు: 22 ఏళ్ల అనుభవానికి పాఠాలు చెప్తున్నావా?

అర్ధరాత్రి_టెర్మినల్: అనుభవం సరే, ఆ గడి ఎప్పుడైనా తెరిచి చూశారా?

డీటీపీ_అక్క: ఆ గొడవ ఆపండి బాబూ. తెలుగు సంగతి ఎవరూ పట్టించుకోరా? అనూ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో యాపిల్ లేఅవుట్‌తో పదిహేనేళ్లు పెళ్లి పత్రికలు కొట్టాను. లైనక్స్‌లో తెలుగు పెడితే ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే లేఅవుట్ వచ్చింది, నా చేతులు పడిపోయినట్టయింది.

ఇన్‌స్క్రిప్ట్_వీరుడు: 1986 నాటి ప్రభుత్వ ప్రమాణం అండీ అది. ఎడమ చేతికి అచ్చులు, కుడి చేతికి చాలావరకు హల్లులు. k కొడితే క, d కొడితే పొల్లు. రెండు వారాల్లో వచ్చేస్తుంది.

డీటీపీ_అక్క: రెండు వారాలు కూర్చుంటే నా షాపు అద్దె మీరు కడతారా?

కొత్తలైనక్సోడు: తెరుచుకుంది!! ఎంటర్ పక్క కీయే. థాంక్స్ అన్నా. ఇప్పుడు పాస్‌వర్డ్ మార్చనా, వద్దా?

అర్ధరాత్రి_టెర్మినల్: వెంటనే మార్చు. ఈటీసీ ఫోల్డర్ కింద డిఫాల్ట్ ఫోల్డర్‌లో కీబోర్డ్ అనే ఫైలుంటుంది (/etc/default/keyboard), అందులో లేఅవుట్ యూఎస్ అని ఉందో లేదో కూడా చూసుకో. తెలుగు తర్వాత కలుపుకోవచ్చు.

కొత్తలైనక్సోడు: సరే అన్నా. మరి బ్లూటూత్?

డీటీపీ_అక్క: వీరుడు గారూ, పొల్లు సంగతి సరే, క్ష ఎలా కొట్టాలో చెప్పండి ముందు.